బంతిపూలూ ఎర్ర గులాబీలూ: మా సెల్లార్‌లో అమెరికా మహిళల చరిత్ర

అమెరికాలో 1987 నుంచి మార్చిని మహిళల చరిత్ర మాసంగా జరుపుతున్నారు. గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనూ పిల్లల చేత ఒక సాయంత్రం జరిపిస్తున్నాను. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని, ఊరుకోలేను. మీరూ చేయాలనుకుంటే నా పద్ధతి ఇది.

మార్చి మొదటి ఆదివారమే పెట్టేయండి. తర్వాత టెన్త్ పరీక్షల టెన్షన్. మైకు కూడా వద్దు.

మొదటి ఏడాది పాతికమంది బొమ్మలతో చార్టులు కట్టాను. పిల్లలు పేర్లు బట్టీపట్టి అప్పజెప్పి, బజ్జీలు తిని వెళ్లిపోయారు. ఇప్పుడు మూడు కథలే.

మొదటిది మన ఊరిదే. కుగ్లర్ ఆస్పత్రి అందరికీ తెలుసు. ఆ కుగ్లర్ ఆడమనిషి అంటే మాత్రం పిల్లలు నోరెళ్లబెడతారు. అన్నా సారా కుగ్లర్ పెన్సిల్వేనియాలో ఆడవాళ్ల మెడికల్ కాలేజీలో చదివి, 1883లో గుంటూరు వచ్చారు. 1898లో ఆస్పత్రి తెరిచారు. 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఇంట్లో ఎవరైనా అక్కడ పుట్టారేమో కనుక్కుని రమ్మని పిల్లలకు ముందే చెప్పండి.

రెండోది నాటకం. ఎక్కువ టైం దీనికే ఇవ్వండి. 1920 ఆగస్టు 18, టెనసీ శాసనసభ. ఆడవాళ్లకు ఓటు హక్కిచ్చే అమెరికా రాజ్యాంగ 19వ సవరణకు 36 రాష్ట్రాలు ఒప్పుకోవాలి, అప్పటికి 35 ఒప్పుకున్నాయి. కావాలన్నవాళ్లు పసుపు గులాబీ, వద్దన్నవాళ్లు ఎర్ర గులాబీ పెట్టుకున్నారు. పసుపు గులాబీల కోసం తిరగకండి, బంతిపూలు చాలు. పిల్లల్ని రెండు జట్లు చేసి, ఎర్ర గులాబీ జట్టులో ఒక అబ్బాయి జేబులో మడిచిన కాగితం పెట్టండి. వాడే 24 ఏళ్ల హ్యారీ బర్న్. ఆడవాళ్ల పక్షాన ఓటేయమని వాళ్లమ్మ ఫెబ్ బర్న్ రాసిన ఉత్తరం అది. ఎర్ర గులాబీతోనే అతను "అవును" అన్నాడు, సవరణ గట్టెక్కింది.

ఇక్కడొక కిటుకు: ఆ ఉత్తరం మీ కుర్రాడి సొంత అమ్మ చేతే రాయించండి. ఏం రాసిందో వాడికి చెప్పొద్దు. పోయినేడు ఒకావిడ, "ఒరే నాన్నా, అక్కని కూడా స్కూటీ నేర్చుకోనివ్వరా" అని రాసింది. వాడు పైకి చదవలేక తల దించుకున్నాడు. సెల్లారంతా ఒకటే నవ్వు!

అంతటితో అందరికీ ఓటు వచ్చేసిందని మాత్రం వదిలేయకండి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్లలో చాలామందికి 1965 ఓటు హక్కుల చట్టం దాకా ఆ హక్కు కాగితం మీదే ఉండిపోయింది.

మూడోది రోసా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ కథ, 1955, అమెరికా దక్షిణాదిలోని మాంట్‌గోమరీ ఊరు. అక్కడి బస్సుల్లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ సీట్లు వేరు. ప్లాస్టిక్ కుర్చీలతో బస్సు చేయండి. ఆవిడ తెల్లవాళ్ల సీటులో కూర్చుందని చాలామంది పొరపాటుగా చెబుతారు. నల్లవాళ్లు కూర్చోవచ్చన్న వరసలోనే కూర్చుంది. ముందున్న తెల్లవాళ్ల సీట్లు నిండిపోయాక డ్రైవరు ఆ వరస కూడా ఖాళీ చేయమన్నాడు. ఆవిడ లేవనంది, అరెస్టు చేశారు. అందుకే ముందు వరసలు నింపాకే డ్రైవర్ని లేపండి. దానికి నిరసనగా నల్లవాళ్లు 381 రోజులు ఆ ఊరి బస్సులెక్కలేదని చెబితే, "స్కూలుకి కూడానా మామ్మా?" అని ఒక పిల్ల అడిగింది.

బజ్జీలు ఇదంతా అయ్యాకే. ముందే ఇస్తే నూనె కుర్చీలు ఎవరు తుడుస్తారు?