యూనివర్సల్ ప్రింట్: ప్రింటర్ కనిపించకపోయినా, కాగితం రాకపోయినా

మైక్రోసాఫ్ట్ యూనివర్సల్ ప్రింట్ అంటే ఆఫీసు ప్రింట్లని క్లౌడ్ (ఇంటర్నెట్ సర్వర్లు) ద్వారా ప్రింటర్‌కి పంపే సేవ. ఇందులో ఉద్యోగుల కంప్యూటర్లకు ప్రింటర్ కంపెనీ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు. కాబట్టి ప్రింట్ ఆగగానే డ్రైవర్ తీసేసి మళ్లీ వేసే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. ప్రింట్ జాబ్ (పంపిన ప్రింట్) ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో చూడాలి.

యాడ్ డివైస్ నొక్కినా ప్రింటర్ రావడం లేదు

చాలాచోట్ల ప్రింటర్‌ని రిజిస్టర్ చేసి అక్కడితో వదిలేస్తారు. రిజిస్టర్ అయినంత మాత్రాన ఎవరికీ కనిపించదు. యూనివర్సల్ ప్రింట్ పోర్టల్‌లో (అడ్మిన్ వెబ్‌సైట్‌లో) దాన్ని షేర్ చేసి, ఆ షేర్‌కి యూజర్లనో గ్రూపునో చేర్చాలి. లైసెన్స్ కూడా చూడండి: మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం, ఈ3, ఈ5లలో ఈ సదుపాయం ఉంది, బిజినెస్ స్టాండర్డ్‌లో లేదు. కంపెనీ కొన్నా సరే, ఆ ఉద్యోగి పేరుకి కేటాయించకపోతే లేనట్టే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, అందరికీ వచ్చి ఒక్కరికే రాకపోతే తప్పు ఆ కంప్యూటర్ లాగిన్‌లో ఉండొచ్చు. సెట్టింగ్స్, అకౌంట్స్, యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్‌లో ఆఫీసు అకౌంట్ కనెక్ట్ అయి ఉందా? లేకపోతే కలిపి, సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రండి.

క్యూలోకి వెళ్లింది, కాగితం మాత్రం రాలేదు

క్లౌడ్‌తో నేరుగా మాట్లాడలేని పాత ప్రింటర్లకు మధ్యలో కనెక్టర్ (ప్రింటర్‌ని క్లౌడ్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) వేసిన విండోస్ కంప్యూటర్ ఒకటి ఉంటుంది. సగం గొడవలు దానివే. మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌కి ఈ పని అప్పగిస్తే, అది స్లీప్‌లోకి పోయినప్పుడల్లా ఆఫీసంతా ప్రింట్లు ఆగుతాయి. స్లీప్, హైబర్నేట్ రెండూ ఆపేయండి. సర్వీసెస్‌లో ప్రింట్ కనెక్టర్ సర్వీస్ రన్నింగ్‌లో ఉందో లేదో చూడండి.

తర్వాత ఆ కంప్యూటర్ నుంచే టెస్ట్ పేజీ కొట్టండి. రాలేదంటే క్లౌడ్‌కి సంబంధం లేదు. డ్రైవర్ మాట ఇక్కడే వస్తుంది: కనెక్టర్ ఉన్న కంప్యూటర్‌లో అది మామూలుగానే ఉండాలి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని పోర్ట్స్ ట్యాబ్‌లో డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ (విండోస్ తానే ప్రింటర్‌ని వెతికి పెట్టుకునే రకం) ఉంటే స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్‌కి మార్చండి. రూటర్‌లో ప్రింటర్ ఐపీ అడ్రస్‌ని రిజర్వ్ చేయండి. లేదంటే ఓ రోజు ఐపీ మారి మళ్లీ మొదటికొస్తుంది.

టెస్ట్ పేజీ వచ్చి క్లౌడ్ జాబ్ మాత్రమే రాకపోతే ఫైర్‌వాల్‌ని అనుమానించాలి. బయటికి వెళ్లే 443 పోర్ట్ తెరిచే ఉన్నా, హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ (ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ని ఫైర్‌వాల్ విప్పి చూడటం) మధ్యలో సర్టిఫికెట్ మార్చేస్తే కనెక్షన్ తెగుతుంది. ప్రింట్.మైక్రోసాఫ్ట్.కామ్ సబ్‌డొమైన్లని ఆ తనిఖీ నుంచి మినహాయించండి.

ప్రింటర్ లెటర్ సైజు కాగితం అడుగుతోంది

ట్రేలో ఏ4 నిండుగా ఉన్నా లైట్ మిణుకుమంటూ ఆగిపోతుంది. డిఫాల్ట్ సైజు అమెరికా లెటర్‌గా (216×279 మి.మీ.) ఉండిపోవడమే కారణం. పోర్టల్‌లో ప్రింటర్ డిఫాల్ట్స్‌కి వెళ్లి ఏ4 (210×297) పెట్టండి. వర్డ్ ఫైలే లెటర్‌లో తయారై ఉంటే దాని పేజ్ సెటప్ కూడా మార్చాల్సిందే.