లాన్‌లో క్రోకస్ తనంతట తానే పరుచుకోవాలంటే

న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ లాంటి చలి చోట్ల మంచు కరగగానే గడ్డిలోంచి ముందుగా తలెత్తే పూలలో క్రోకస్ ఒకటి. లాన్‌కి టామసీనియానస్ అనే లేత ఊదా రకం తీసుకోండి. దుకాణాల్లో కనిపించే డచ్ రకం కన్నా పువ్వు చిన్నదే. కానీ ఇది గింజ రాల్చి కూడా వ్యాపిస్తుంది, ఉడుతల బెడదా తక్కువ. ఇలాగే వసంతం మొదట్లో పూసే సిల్లా అనే నీలం పువ్వు కంటికి ఇంపుగానే ఉంటుంది గానీ, ఇంటి వెనక అడవి ఉంటే నాటకండి, అందులోకీ పాకిపోతుంది.

క్రోకస్ దుంపల్ని అక్టోబరులో, నేల గడ్డకట్టకముందే నాటాలి. ఆకురాల్చే చెట్టు కింద చోటు చాలా బాగుంటుంది: పూలు పూసే వేళకి కొమ్మలు బోడిగా ఉండి ఎండ తగులుతుంది, వేసవిలో చెట్టు వేళ్లు తేమ పీల్చి నేలను పొడిగా ఉంచుతాయి. నీళ్లు నిలిచే పల్లంలోనూ, స్ప్రింక్లర్ రోజూ తడిపే చోటా దుంప కుళ్లుతుంది.

ముందు గడ్డిని పొట్టిగా కత్తిరించండి. పారతో చదరపు ముక్కకి మూడు వైపులా కోసి, 2 అంగుళాల మందాన పచ్చికను చాపలా వెనక్కి మడవండి. కింద మట్టిని గుల్ల చేసి, 10 నుంచి 15 దుంపలు మొన పైకి ఉండేలా, 2–3 అంగుళాల ఎడంలో పెట్టండి. పచ్చికతో కలిపి దుంప మీద 3 అంగుళాల మందం ఉండాలి. పచ్చికను తిరిగి పరిచి, కాలితో అదిమి, నీళ్లు పెట్టండి. 100 దుంపలకి ఇలాంటివి ఏడు నుంచి పది చోట్లు చాలు. వరుసలు తీయకండి, గుంపులు అక్కడక్కడా ఉంటేనే సహజంగా ఉంటుంది.

చాలామంది దగ్గర ఇది దెబ్బతినేది నాటడంలో కాదు, ఏప్రిల్‌లో మోవర్ బయటికి తీసినప్పుడు. పువ్వు వాడాక కూడా ఆకు ఆరు వారాల దాకా దుంపకి తిండి చేరుస్తూనే ఉంటుంది. ముందే కోస్తే మరుసటి ఏడు ఆకులే వస్తాయి, పూలు రావు. పైగా గింజల కాయ ముందు నేలలోనే ఉండి, ఆకులు పసుపుబారే వేళకి పైకి వస్తుంది. అది పగిలి గింజలు రాలేదాకా ఆగాలి. లాన్ అంతా వదిలేయక్కర్లేదు, పూలున్న మేర వదిలి చుట్టూ కత్తిరిస్తే చూసేవాళ్లకీ ముచ్చటగా ఉంటుంది.

క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి రాకుండా వసంతంలో చల్లే మందు ఈ గింజల్నీ మొలవనీయదు. వెడల్పాకు కలుపు మందు ఆకు పచ్చగా ఉండగా పడితే దుంపనే దెబ్బతీస్తుంది. పూలున్న మేరలో రెండూ వద్దు, నైట్రోజన్ ఎరువూ తగ్గించండి. గడ్డి దట్టమైతే పిల్ల మొలకలకి చోటుండదు. మొదటి ఏడు మొలక సన్నటి గడ్డిపోచలా ఒక్క ఆకుతో ఉంటుంది. పూతకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

ఇది మన కుంకుమపువ్వు మొక్క కాదు. కుంకుమపువ్వు క్రోకస్ శరదృతువులో పూస్తుంది. లాన్‌లో వేసే ఈ క్రోకస్ కేసరాలు వంటకి వాడకండి. దుంపలు చిన్న ఉల్లిపాయల్లా కనిపిస్తాయి కాబట్టి వంటింట్లో ఉంచొద్దు.

హ్యూస్టన్‌లోనూ, హైదరాబాద్‌లోనూ దీనికి కావలసినన్ని వారాల చలి దొరకదు. అక్కడ వాన పడగానే విచ్చుకునే రెయిన్ లిల్లీ వేసుకోవడమే మేలు.

గుంపు మరీ చిక్కబడి పూలు తగ్గితే, ఆకులు పసుపుబారుతుండగా తవ్వి, దుంపల్ని విడదీసి, అదే రోజు కొత్త చోట నాటండి.