చుట్టుకున్న వరి ఆకును చూసి యూరియా బస్తా విప్పకండి

వాన మొహం చాటేసి రెండు వారాలవుతోంది. మందస, మెళియాపుట్టి, పాతపట్నం మెరకల్లోనూ, ఇటు పర్లాకిమిడి పక్క పొలాల్లోనూ పొద్దెక్కేసరికి వరి ఆకులు పుల్లల్లా చుట్టుకుంటున్నాయి. పైరు నీరసపడిందని యూరియా జల్లిన మడుల్లో ఆకులు కొనల నుంచి మాడిపోతున్నాయి. గట్లు బాగు చేసుకోవడం, కలుపు తీయడం అందరికీ తెలిసినవే. ఎక్కువమందిని ముంచుతున్నది ఈ యూరియా.

ఆకు చుట్టుకోవడం తెగులు కాదు. ఆకు పైముఖాన, ఈనెల నడుమ పెద్ద కణాలు వరసగా ఉంటాయి. వాటిలో నీరు నిండుగా ఉన్నంతసేపు ఆకు విచ్చుకుని ఉంటుంది. నీరు తగ్గితే అవి కుంచించుకుపోయి అంచుల్ని లోపలికి లాగుతాయి. అప్పుడు ఎండ తగిలే మేర తగ్గుతుంది, ఆవిరై పోయే నీరూ తగ్గుతుంది. మొక్క తనను తాను కాచుకునే తీరు ఇది. ఆ సమయంలో యూరియా వేస్తే ఆరిన నేలలో అది వేరుకు అందదు, కొంత గాలిలో కలిసిపోతుంది. అందిన కాస్తా లేత ఆకుల్ని తోస్తే వాటికీ నీళ్లు కావాలి, ఎక్కడివి? నత్రజని ఎక్కువై నీరు తక్కువైన పైరుకు అగ్గితెగులు కూడా తొందరగా పట్టుకుంటుంది.

ఆకును చూడాల్సింది మధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. పరిశోధకులు చుట్టుకున్న తీరుకు 0 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. కొద్దిగా మడత పడితే 1, లోతుగా మడిస్తే 3, దొన్నెలా అయితే 5, అంచులు కలిస్తే 7, ఊచలా బిగిస్తే 9. మధ్యాహ్నం 7 ఉన్న ఆకు తెల్లారేసరికి పూర్తిగా విచ్చుకుంటే వేరుకు ఇంకా తేమ అందుతున్నట్టే, ఆ మడి కొన్నాళ్లు ఆగుతుంది. తెల్లారినా విచ్చుకోకపోతే మొదటి తడి దానికే ఇవ్వాలి.

రకం విషయంలో ఒక్క మాట. సన్నగా, నిటారుగా, మైనం పూతతో ఉన్న ఆకు మేలే, కానీ ఆకు ఒక్కటే చూసి రకాన్ని మెచ్చుకోవద్దు. వేరు లోతుకు దిగి ఆకు ఆలస్యంగా చుట్టుకుంటే అది బలం. ఆవిరి ఆపుకోలేక చుట్టుకోకుండా నిలబడితే ముందు మాడేది అదే. వచ్చే ఏడు ఎర్ర గరప మెరకలకు స్వర్ణ లాంటి దీర్ఘకాలిక రకం వద్దు, దాన్ని పల్లానికే ఉంచండి. 2010లో విడుదలైన సహభాగి ధాన్ గానీ, డీఆర్‌ఆర్ ధాన్ 42 గానీ మెరకకు నయం.

చుట్టుకున్న ఆకును విప్పి చూడకుండా పురుగుమందు కొట్టకండి. ఆకుముడత అయితే అంచులు దారాలతో కుట్టినట్టుంటాయి, లోపల తెల్ల చారలు, పచ్చటి పురుగు కనిపిస్తాయి.

విత్తనం నేరుగా జల్లిన ఎద పొలాల్లో లేత ఆకులు తెల్లగా పాలిపోతే అది ఇనుము లోపం. దానికీ యూరియా కాదు. లీటరు నీటికి అన్నభేది 20 గ్రాములు, నిమ్మ ఉప్పు 2 గ్రాములు కలిపి కొట్టండి.

గెడ్డ (వాగు) నీళ్లు ఇంజన్‌తో తోడేవాళ్లు పొట్ట దశలో ఉన్న మడికి ముందు పెట్టండి. పిలకల దశలోది తట్టుకుంటుంది, వెన్ను ఈనే వేళ నీరు అందకపోతే తాలు తప్పదు.

నెర్రె వేలు దూరేంత వెడల్పు కాకముందే తడి ఇవ్వండి. పెద్ద నెర్రె వేళ్లను తెంపుతుంది, పెట్టిన నీరంతా దాంట్లోంచే దిగిపోతుంది.

నీరు కారిపోకుండా గట్లలోని ఎండ్రకాయ బొరియలు ఈ రోజే మూయండి.

మధ్యాహ్నం మందు పిచికారీ వద్దు.

13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కొట్టాలంటే తెల్లారి ఆకు విచ్చుకునే మడికే. లీటరుకు 10 గ్రాములు, సాయంత్రం నాలుగు దాటాక.

పక్కవాడు జల్లాడని మీరు జల్లకండి. అరబస్తా అయినా వద్దు.

వాన పడ్డ రోజు కూడా యూరియా వద్దు. మర్నాడు తెల్లారి ఆకు పూర్తిగా విచ్చుకుందో లేదో చూసి, నిల్వ నీరు తీసేసి, బురద పదునులో ఎకరాకు 20–25 కిలోలకు మించకుండా జల్లి, రెండు రోజుల తర్వాత నీరు పెట్టండి.