ఎక్సెల్ ప్రాక్టీసుకి తక్కువ ధరలో కంప్యూటర్ ఎలా ఎంచుకోవాలి?

మా చెల్లి ఎక్సెల్ నేర్చుకుంటానంటే సీలు కూడా తియ్యని కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చాను. కొత్తది, చవగ్గా వస్తోంది, వారంటీ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా. ఇంటికొచ్చాక చూస్తే 4 జీబీ ర్యామ్, సెలెరాన్ అనే నెమ్మదైన ప్రాసెసర్. ఒక పక్క యూట్యూబ్‌లో పాఠం పెట్టుకుని ఇంకో పక్క షీట్ తెరిస్తే చాలు, మౌస్ బాణం పోయి గుండ్రంగా తిరిగే చక్రం వచ్చి కూర్చునేది. ఆ డబ్బుకి ఆఫీసులు వాడి తీసేసిన పాత ల్యాప్‌టాప్ వచ్చేదని తర్వాత తెలిసింది. మా బావమరిదికి అలాంటిదే కొన్నాం, బడ్జెట్ 20 వేలు. ఎలా కొన్నామో చెప్తాను.

1. ఏం నేర్చుకోవాలో ముందు తేల్చుకోండి

ఫార్ములాలు, ఫిల్టర్లు, వీలుకప్ (ఒక పట్టికలోంచి కావాల్సిన వివరం వెతికి తెచ్చేది), పివట్ టేబుల్ (పెద్ద పట్టికని క్లుప్తంగా లెక్కకట్టి చూపేది) వరకు అయితే దాదాపు ఏ రకం కంప్యూటరైనా సరిపోతుంది. మాక్రోలు (పదే పదే చేసే పనిని దానంతటదే చేయించేవి), పవర్ క్వెరీ (వేర్వేరు చోట్ల నుంచి డేటా తెచ్చి శుభ్రం చేసేది) దాకా వెళ్తారా? అకౌంట్స్ ఉద్యోగం కోసం ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కూడా పక్కనే నేర్చుకోవాలా? అప్పుడు విండోస్ ఉన్న మిషనే తీసుకోండి, విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో వచ్చే క్రోమ్‌బుక్ జోలికి వెళ్లకండి. ఫోన్‌లో నేర్చుకోవచ్చుగా అంటారు కొందరు. షీట్ చూడ్డానికి ఫోన్ పర్లేదు గానీ, చెయ్యి తిరగాలంటే కీబోర్డు ఉండాల్సిందే.

2. లోపల ఏముందో చూడండి

ర్యామ్ 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన స్టోరేజీ) 256 జీబీ. ఈ రెండిట్లో రాజీ పడకండి. పాత హార్డ్ డిస్క్ ఉన్న మిషన్ ఆన్ చేస్తే టీ పెట్టుకుని రావచ్చు. గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు, షీట్లకి దాంతో పనే లేదు.

అసలు మోసం జరిగేది ప్రాసెసర్ దగ్గర. "ఐ5 సార్, మంచి మిషన్" అంటారు. ఏ ఐ5? ఇంటెల్ కంపెనీ ఈ ప్రాసెసర్లని తరాలుగా తెస్తుంది, పేరులో గీత తర్వాత వచ్చే అంకె చూడాలి. ఐ5-8350యూ అంటే 8వ తరం, ఐ5-6300యూ అంటే 6వ తరం. విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఇంటెల్‌లో 8వ తరం నుంచి మొదలు. కాబట్టి అంతకంటే పాతది ఎంత తక్కువకి ఇస్తానన్నా వదిలేయండి.

3. స్క్రీన్, కీబోర్డు

అందరూ దీన్ని ఆఖర్న చూస్తారు, నేనైతే ముందు చూస్తాను. 1366×768 (అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల లెక్క) స్క్రీన్ మీద పైన రిబ్బన్ అనే బటన్ల పట్టీ, కింద టాస్క్‌బార్ పోగా మిగిలే వరసలు చాలా తక్కువ. 1920×1080 అయితే ఎడం నుంచి కుడికి కూడా ఎక్కువ కాలమ్‌లు ఒకేసారి కనిపిస్తాయి, పదే పదే జరుపుకోనక్కర్లేదు. 14 అంగుళాల వాటిలో నంబర్ ప్యాడ్ ఉండదు. డేటా ఎంట్రీ మీ పని అయితే విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొనుక్కోండి.

ఇంకో చిన్న సంగతి. ఫార్ములాలో సెల్‌ని డాలర్ గుర్తుతో లాక్ చెయ్యడానికి ఎఫ్4 నొక్కమని పాఠంలో చెప్తారు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో మీరు నొక్కితే మైక్ ఆగిపోతుంది! మా బావమరిది మిషన్ పాడైందనుకుని నాకు ఫోన్ చేశాడు. లెనోవో వాళ్ల థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ (Fn), ఎస్కేప్ (Esc) కీలు కలిపి నొక్కితే ఆ వరస మామూలు ఎఫ్ కీలుగా మారుతుంది.

4. ఎక్కడ, ఏది

హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ, ఉండనే ఉంది. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5, ఇవన్నీ 8వ తరంలో దొరుకుతాయి. మొదటి షాపులోనే తీసుకోకుండా రెండు మూడు చోట్ల అడగండి, బిల్లు మీద వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి, నోటిమాట వద్దు. ఇంట్లో ఒకచోటే పెట్టుకునేట్టయితే చేతిలో పట్టేంత మినీ డెస్క్‌టాప్ ఇంకా చవక, హెచ్‌డీఎంఐ ఉన్న టీవీకే కలుపుకోవచ్చు. కరెంటు తరచూ పోయే ఊళ్లో అయితే ల్యాప్‌టాపే మేలు, లేకపోతే యూపీఎస్ ఖర్చు అదనం.

5. డబ్బు ఇచ్చే ముందు అరగంట కూర్చోండి

మొహమాటపడొద్దు. ఛార్జర్ పీకేసి వాడండి, బ్యాటరీ సంగతి అక్కడే తేలిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో ర్యామ్ ఎంతో, డిస్క్ ఎస్‌ఎస్‌డీనో కాదో, ప్రాసెసర్ పేరేంటో అన్నీ ఉంటాయి. నోట్‌ప్యాడ్ తెరిచి ఒక్కో అక్షరం, అంకె కొట్టి చూడండి. ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి ఒక వీడియో, నాలుగు ట్యాబ్‌లు, ఒక పెద్ద షీట్ కలిపి తెరవండి.

ఎక్సెల్ ఉంటే నేమ్ బాక్స్‌లో (ఫార్ములా బార్‌కి ఎడం పక్కనుండే చిన్న పెట్టె) ఏ1 నుంచి జే20000 దాకా మధ్యలో కోలన్ పెట్టి (A1:J20000) ఎంటర్ కొట్టి ఎంచుకుని, ఏదో ఒక అంకె ఇచ్చే రాండ్ ఫార్ములా, =RAND(), రాసి, కంట్రోల్ ఎంటర్ కొట్టండి. 2 లక్షల సెల్స్ నిండుతాయి. ఎఫ్9 కొట్టినప్పుడల్లా అంకెలన్నీ మారాలి. మేం తీసుకున్న దాంట్లో రెప్ప వేసేలోగా మారాయి, పక్కనున్న పాత దాంట్లో కాసేపు ఆలోచించి మారాయి.

6. ఎక్సెల్ సంగతి

షాపులో "ఆఫీస్ కూడా ఫ్రీగా వేసిస్తాం" అంటే అది చాలాసార్లు క్రాక్ కాపీయే, వైరస్ కూడా దాంతోపాటే రావచ్చు. వద్దనండి. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయి ఉందో లేదో కూడా చూసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉంటే బ్రౌజర్‌లో ఎక్సెల్ ఉచితమే, వీబీఏ (ఎక్సెల్‌లో కోడ్ రాసే భాష) మాక్రోలు మాత్రం అందులో నడవవు. నెట్ లేనప్పుడు వాడుకోడానికి ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ కాల్క్ ముందే వేసి పెట్టుకోండి, అదీ ఉచితమే. పాత ఎక్సెల్ 2016, 2019లలో వీలుకప్‌కి కొత్త రూపమైన ఎక్స్‌లుకప్ ఉండదు, పాఠంలో అది వచ్చినప్పుడు తప్పు మీది అనుకుని టెన్షన్ పడకండి.

మా బావమరిది ముందు ఆ ఉచితం వాటితోనే మొదలుపెట్టాడు. ఇప్పటికి పాల లెక్క, కరెంటు బిల్లు, చీటీ డబ్బులు, మూడు షీట్లు అయ్యాయి. డబ్బులు పెట్టి ఎక్సెల్ కొనే సంగతి మాక్రోల దగ్గరికి వచ్చినప్పుడు చూద్దామన్నాడు.