“టర్న్ ఇట్ ఆఫ్”: ఇంగ్లీషు వాక్యంలో ఇట్, హిమ్, దెమ్ ఎక్కడ పెట్టాలి

రొయ్యల గుంట గట్టు మీద నిలబడి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్‌ను ఆపమనాలంటే మనం “ఆఫ్ చెయ్” అంటాం. ఆ అలవాటే ఇంగ్లీషులోకి వచ్చి “ఆఫ్ ఇట్” అవుతుంది. ఈ అర్థంలో ఆఫ్ ఒక్కటే క్రియ కాదు, ముందు టర్న్ గానీ స్విచ్ గానీ ఉండాలి. ఆ సంగతి తెలిసినవాళ్లు దిద్దుకుని “టర్న్ ఆఫ్ ఇట్” అంటారు. అదీ తప్పే. “టర్న్ ఇట్ ఆఫ్” అనాలి.

టర్న్ ఆఫ్, పిక్ అప్, ఫిల్ ఇన్, హ్యాండ్ ఓవర్ లాంటి జంటల్ని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. రెండో మాట పేరు పార్టికల్. కర్మ స్థానంలో వస్తువు పేరు చెబితే రెండు చోట్లా చెల్లుతుంది: “టర్న్ ఆఫ్ ద ఏరియేటర్” అనొచ్చు, “టర్న్ ద ఏరియేటర్ ఆఫ్” అనొచ్చు. పేరు బదులు మి, యు, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్ వస్తే మాత్రం ఒక్కటే చోటు, క్రియకూ పార్టికల్‌కూ నడుమ.

ఎందుకిలా? ఇంగ్లీషు వాక్యం చివర సాధారణంగా బరువైన మాట, కొత్త సంగతి చెప్పే మాట ఉంటుంది. ఇట్ అన్నామంటే ఏ వస్తువో ఇద్దరికీ ముందే తెలుసు, అందులో కొత్తదేమీ లేదు. ఆపాలా, వెయ్యాలా అన్నదే అసలు కబురు. అందుకే ఆఫ్ చివరికి పోతుంది, ఒత్తు కూడా దాని మీదే పడుతుంది. నోటితో అనేటప్పుడు ఇట్ దాదాపు కరిగిపోయి “టర్నిటాఫ్”, “పికిటప్” అని ఒకే మాటలా వినిపిస్తుంది. సూత్రం బట్టీ పట్టడం కంటే ఈ లయను నోటికి పట్టించుకోవడమే మేలు. కర్మ బాగా పొడుగైతే ఇదే కారణం తిరగబడి పనిచేస్తుంది. “తూర్పు గట్టు పక్కనున్న పాత ఏరియేటర్” అని చెప్పాల్సి వస్తే ఆ పొడుగు మాటల గుంపును నడుమ ఇరికించకూడదు. టర్న్ ఆఫ్ అని ముందు చెప్పేసి, మిగతాదంతా తర్వాత చెప్పాలి.

ఇంతవరకూ సులువే. చిక్కల్లా లుక్ ఆఫ్టర్ లాంటి వాటితో వస్తుంది. చూడ్డానికి ఇవీ రెండు మాటల జంటలే. కానీ “లుక్ హర్ ఆఫ్టర్” అనకూడదు, “లుక్ ఆఫ్టర్ హర్” అనాలి. అలాగే “వెయిట్ ఫర్ దెమ్”, “డీల్ విత్ ఇట్”, “లుక్ ఎట్ మి”. ఇక్కడ రెండో మాట ప్రిపొజిషన్. తెలుగులో “కోసం”, “తో”, “వైపు” ఎలా నామవాచకాన్ని అంటిపెట్టుకుని ఉంటాయో అదీ అంతే. తేడా ఏమిటంటే మనవి వెనక వస్తాయి, వాళ్లవి ముందు వస్తాయి.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి ముందు రెండో మాటనే చూడండి. ఎట్, ఫర్, విత్, ఫ్రమ్, ఇంటు ఉంటే సర్వనామం వాటి తర్వాతే. అవే, బ్యాక్, టుగెదర్, అపార్ట్ ఉంటే వాటికి ముందే: “త్రో ఇట్ అవే”, “గివ్ ఇట్ బ్యాక్”, “టేక్ ఇట్ అపార్ట్”. అప్, డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, ఓవర్, త్రూ మాత్రం రెండు వేషాలూ వేస్తాయి. అక్కడ ఇంకో పరీక్ష ఉంది: పని అయ్యాక వస్తువు ఏ స్థితిలో ఉందో ఆ మాటతోనే చెప్పి చూడండి. చీమకుర్తి క్వారీ గుంతలోంచి గ్రానైట్ బ్లాకును పైకి తీస్తే “ఇట్ ఈజ్ అవుట్” అనొచ్చు, కాబట్టి “లిఫ్ట్ ఇట్ అవుట్”. మోటారు ఆపాక “ఇట్ ఈజ్ ఆఫ్” అనొచ్చు, కాబట్టి “టర్న్ ఇట్ ఆఫ్”. కావలి బస్సెక్కితే బస్సు ఆన్ అవదు, ఎక్కినవాళ్లే బస్సు మీదుంటారు. అందుకే “గెట్ ఆన్ ఇట్”. ఈ పరీక్ష కంటికి కనిపించే పనులకే సరిగ్గా పనికొస్తుంది. నిఘంటువులో అర్థం వెతకడాన్ని “లుక్ ఇట్ అప్” అంటారు, అక్కడ ఏదీ పైకి లేవదు. అలాంటివి ఒక్కొక్కటిగా నేర్చుకోవాల్సిందే.

చోటు మారితే అర్థమే మారిపోయే జంటలూ ఉన్నాయి. “సీ ఇట్ త్రూ” అంటే పట్టిన పని చివరిదాకా వదలకుండా చెయ్యడం, “సీ త్రూ ఇట్” అంటే అందులోని మోసాన్ని పసిగట్టడం. “లుక్ ఇట్ ఓవర్” అంటే కాగితాన్ని ఒకసారి పైపైన చూడటం, “లుక్ ఓవర్ ఇట్” అంటే గోడ లాంటిదాని మీదుగా అవతలికి చూడటం.

మూడు మాటలవి సాధారణంగా విడిపోవు. ఎగుమతికి పోయే రొయ్యలకు ఐస్ అయిపోతే “వి రాన్ అవుట్ అవ్ ఇట్”. “పుట్ అప్ విత్ హిమ్”, “లుక్ ఫార్వర్డ్ టు ఇట్” కూడా అంతే.

మన వాళ్ల తప్పులు ఎక్కువగా తెలుగు వాక్యం తీరులోంచి పుడతాయి. “మోటారు ఆపావా?” అంటే “ఆపాను” అంటాం, “దాన్ని” అనే మాట తెలుగులో అక్కర్లేదు. ఇంగ్లీషులో “ఐ టర్న్‌డ్ ఆఫ్” అని వదిలేస్తే వాక్యం సగంలో ఆగినట్టే. “ఐ టర్న్‌డ్ ఇట్ ఆఫ్” అనాలి, లేదా “ఎస్, ఐ డిడ్” అని ముగించాలి. టంగుటూరు వేలం కేంద్రంలో కొనేవాళ్లు పొగాకు బేలును వద్దంటే “దే టర్న్‌డ్ ఇట్ డౌన్”. ఇట్ లేకపోతే దేన్ని వద్దన్నారో తెలియదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, అవసరం లేని చోట ఇట్ చేర్చడం. “నేను నింపిన ఫారం” అనాలంటే “ద ఫార్మ్ ఐ ఫిల్డ్ ఇన్” చాలు, “ఫిల్డ్ ఇట్ ఇన్” కాదు. తెలుగులో కూడా ఇక్కడ “దాన్ని” అనే మాట వాడం కదా. అలాగే ఎత్తలేనంత బరువైన మూట “టూ హెవీ టు పిక్ అప్”. ఇక్కడా ఇట్ రాదు.

ఇట్ పెట్టాలా, దెమ్ పెట్టాలా అన్న చోట కూడా తెలుగు లెక్క పొరపాటు చేయిస్తుంది. మనకు ప్యాంటు ఒకటే, కళ్లజోడు ఒకటే, కత్తెర ఒకటే. ఇంగ్లీషులో మూడూ బహువచనమే. కాబట్టి కళ్లజోడు తియ్యమంటే “టేక్ దెమ్ ఆఫ్”. లగేజీ ఎన్ని బ్యాగులున్నా ఏకవచనమే. కింద పెట్టమంటే “పుట్ ఇట్ డౌన్”.

అన్ని సర్వనామాలూ ఇంత తేలికవి కావు. ఎవ్రీథింగ్, సమ్‌వన్, మైన్ లాంటివి వస్తువు పేర్లలాగే ప్రవర్తిస్తాయి: “త్రో అవే ఎవ్రీథింగ్” తప్పు కాదు. ఆమెను కాదు, అతన్నే అని నొక్కి చెప్పేటప్పుడు హిమ్ కూడా బరువెక్కి చివరికి రావొచ్చు. అరుదుగా వినిపించే వాడుక అది, పరీక్షల్లో దాని జోలికి వెళ్లకండి.

నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు ఇట్‌తో కలిపే రాసుకోండి: “టర్న్ ఇట్ ఆఫ్”, “ఫిల్ ఇట్ ఇన్”, “లుక్ ఆఫ్టర్ ఇట్”. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం వేసిన నిఘంటువుల్లో సమ్‌థింగ్, సమ్‌బడీ అనే మాటలు ఎక్కడ అచ్చయ్యాయో గమనించండి. నడుమ ఉంటే విడిపోయే క్రియ, చివర ఉంటే విడిపోనిది. కొన్నింటిలో విడిపోయేవాటికి రెండు వైపులా ముల్లున్న బాణం గుర్తు కూడా వేస్తారు. ఒకే వాక్యంలో వస్తువుకూ మనిషికీ సర్వనామాలే వస్తే వస్తువు నడుమకు, మనిషి టు తర్వాతకు పోతారు: “గివ్ ఇట్ బ్యాక్ టు హిమ్”, “హ్యాండ్ దెమ్ ఓవర్ టు హర్”.