పంచదారకు బదులు ఏది వాడాలి? గ్లైసెమిక్ ఇండెక్స్‌ను సరిగ్గా చదివే పద్ధతి

ఇంట్లో ఒకరికి షుగర్ ఉందని తేలగానే వంటింట్లో మొదట మారేది పంచదార డబ్బా. దాని స్థానంలో బెల్లమో, తేనెనో, తాటిబెల్లమో, కొబ్బరి చక్కెరో, స్టీవియా పొట్లమో వచ్చి చేరుతుంది. వీటిలో చాలావాటిని 'జీఐ (గ్లైసెమిక్ ఇండెక్స్) తక్కువ' అన్న ఒక్క మాటతోనే అమ్ముతున్నారు. ఆ మాట వెనుక ఉన్న అంకె దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవదో తెలిస్తేనే అది మనకు ఉపయోగపడుతుంది.

గ్లైసెమిక్ ఇండెక్స్ అనే ఈ కొలతను 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. పరీక్షించదలచిన పదార్థాన్ని, అందులో అరిగే పిండిపదార్థం 50 గ్రాములు ఉండేలా తూచి, ఆరోగ్యవంతులైన కొందరికి పరగడుపున తినిపిస్తారు. ఆ తర్వాత రెండు గంటల పాటు రక్తంలో చక్కెర ఎంత పెరిగిందో, ఎలా తగ్గిందో కొలిచి, అదే మనుషులు 50 గ్రాముల గ్లూకోజ్ తాగినప్పుడు కలిగిన పెరుగుదలతో పోలుస్తారు. గ్లూకోజ్‌ను 100గా తీసుకుంటే 55, అంతకన్నా తక్కువ వచ్చినవి తక్కువ జీఐ పదార్థాలు, 56 నుంచి 69 వరకు మధ్యస్థం, 70, ఆపైన ఎక్కువ.

ఈ లెక్కలో పంచదారకు వచ్చేది సుమారు 65. మైదా బ్రెడ్డుకు 75 దాకా వస్తుంది. పంచదార అణువులో సగం గ్లూకోజ్, మిగతా సగం ఫ్రక్టోజ్. ఈ రెండోది రక్తంలోని గ్లూకోజ్‌ను పెద్దగా పెంచదు కాబట్టి అంకె తగ్గింది. అంతమాత్రాన బ్రెడ్డు కన్నా పంచదార మేలని ఎవరూ అనరు. జీఐ చెప్పేది రక్తంలో గ్లూకోజ్ ఎంత వేగంగా, ఎంత ఎత్తుకు పెరుగుతుందన్న ఒక్క సంగతే. ఆ పదార్థం మంచిదా కాదా అన్న తీర్పు అందులో లేదు.

ప్రత్యామ్నాయాల విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అగేవ్ అనే మొక్క నుంచి తీసే సిరప్ జీఐ చాలా తక్కువ, ఎందుకంటే అందులో అధికభాగం ఫ్రక్టోజే. అది ప్రధానంగా కాలేయంలో ఖర్చవుతుంది. మోతాదు మించితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును పెంచుతుంది. గ్లూకోమీటర్‌లో కనబడనంత మాత్రాన దాని పని ఆగదు. కొబ్బరి చక్కెరదీ ఆలోచించవలసిన సంగతే: ఫిలిప్పీన్స్ ప్రభుత్వ పరిశోధన సంస్థ కొలిచినప్పుడు 35, సిడ్నీ విశ్వవిద్యాలయం కొలిచినప్పుడు 54 వచ్చాయి. అమ్మేవారు సహజంగానే 35నే అచ్చు వేస్తారు. అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. తేనె జీఐ కూడా ఏ పూలనుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఎంతగానో మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెను కూడా పరిమితం చేయవలసిన చక్కెరల జాబితాలోనే చేర్చింది.

బెల్లం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 'పంచదార మానేశాను, బెల్లమే వాడుతున్నాను' అంటూ రోజుకు మూడు గ్లాసుల బెల్లం టీ తాగే పెద్దవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. వాళ్లకు ఎవరో తప్పుడు ధైర్యం ఇచ్చారు. అనకాపల్లి బెల్లమైనా, తాటిబెల్లమైనా అందులో ప్రధానంగా ఉండేది సుక్రోజే. ఇనుము వంటి ఖనిజాలు కొంత ఉన్న మాట నిజమే కానీ, టీలో వేసుకునే చెంచాడు బెల్లంలో అవి ఏ లోటునూ తీర్చేటంత ఉండవు. రుచి కోసం బెల్లం వాడుకోవచ్చు, పంచదారను లెక్కపెట్టినట్టే లెక్కపెట్టుకుని.

ఆ లెక్కకు పనికొచ్చేది గ్లైసెమిక్ లోడ్. మనం నిజంగా తినే వంతులో ఉన్న పిండిపదార్థాన్ని గ్రాముల్లో తీసుకుని, జీఐతో గుణించి, 100తో భాగిస్తే అది వస్తుంది. 10, అంతకన్నా తక్కువైతే స్వల్పం, 20, అంతకన్నా ఎక్కువైతే అధికం. కాఫీలో 5 గ్రాముల పంచదార వేసుకుంటే లోడ్ మూడు పైచిలుకు మాత్రమే. ఇప్పుడు పాయసం చూద్దాం. ఒకరి గిన్నెలో 20 గ్రాముల బియ్యం, 25 గ్రాముల పంచదార పడ్డాయనుకుందాం. బియ్యంలో పిండిపదార్థం సుమారు 16 గ్రాములు. దాని జీఐ 70 అనుకుంటే లోడ్ 11. పంచదార నుంచి మరో 16. పాలను పక్కన పెట్టినా మొత్తం 27. పంచదార పూర్తిగా తీసేసి స్టీవియా కలిపితే 11కు దిగుతుంది. ఇది మంచి తగ్గుదలే, కానీ 'షుగర్ లేని పాయసం' కదా అని రెండు గిన్నెలు తింటే మళ్లీ 22కు చేరుకున్నట్టే. తీపిని మార్చినా బియ్యం బియ్యంగానే ఉంటుంది.

షుగర్ ఫ్రీ బిస్కెట్లకూ ఇదే సూత్రం. ప్యాకెట్ వెనుక 'చక్కెరలు 0' అన్న వరుస దగ్గర ఆగకుండా, దాని పైనున్న మొత్తం కార్బోహైడ్రేట్ల అంకెను చూడండి. వంద గ్రాములకు 60 దాటి ఉండడం మామూలే, అందులో పెద్ద వాటా మైదాది. తర్వాత పదార్థాల జాబితాలో తీపి కారకాల నంబర్లు వెతకండి. 965 అంటే మాల్టిటాల్, జీఐ సుమారు 35, కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయడానికి లేదు. 967 జైలిటాల్, జీఐ 10కి అటూఇటూ. 968 ఎరిత్రిటాల్, దాదాపు సున్నా. మాల్టిటాల్, జైలిటాల్ వంటివి ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు కలుగుతాయి. కుక్కను పెంచుకునే ఇంట్లో జైలిటాల్ దానికి అందకుండా ఉంచండి, అది కుక్కలకు విషం.

951 ఆస్పర్టేమ్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా. ఇవి పంచదార కన్నా వందల రెట్లు తియ్యన. వాడేది చిటికె కన్నా చాలా తక్కువ కాబట్టి వాటి వల్ల చక్కెర పెరగదు. అయితే ఆ కొంచెం పొడిని పొట్లంలో నింపడానికి మరో పదార్థం కలుపుతారు, చూడవలసింది దాన్ని. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. మాల్టోడెక్స్‌ట్రిన్ జీఐ కూడా దాదాపు గ్లూకోజంతే. గ్రాము పొట్లంలో అది లెక్కలోకి రాదు గానీ, స్వీట్ల కోసం కప్పులతో కొలిచి పోసేటప్పుడు వస్తుంది. బరువు తగ్గడానికి ఈ తీపి కారకాలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా అదే పత్రంలో చెప్పింది.

పట్టికల్లోని అంకెలు కొందరి సగటు మాత్రమే. గ్లూకోమీటర్ ఉన్నవారు కొత్తది ఏదైనా మొదలుపెట్టినప్పుడు తినేముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి రాసుకుని, మరో రోజు అదే వంతును పాత పద్ధతిలో తిని పోల్చుకుంటే తమ శరీరం సంగతి తమకే తెలుస్తుంది. ఆ కాగితాన్ని డాక్టరుకు చూపించండి. మందుల మోతాదును మాత్రం సొంతంగా మార్చకండి.

ఇన్సులిన్ గానీ, చక్కెరను దించే మాత్రలు గానీ వాడేవారి ఇంట్లో పంచదార డబ్బా పూర్తిగా ఖాళీ కాకూడదు. చెమటలు పట్టి, చేతులు వణికి, చక్కెర 70 కన్నా దిగిపోయినప్పుడు స్టీవియా, ఎరిత్రిటాల్ ఏమాత్రం పనికిరావు. త్వరగా అందే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ, పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అకార్బోస్, వోగ్లిబోస్ మాత్రలు వేసుకునేవారిలో పంచదార త్వరగా విడిపోదు కాబట్టి, వాళ్లకు గ్లూకోజ్ పొడి డబ్బానే అందుబాటులో ఉంచండి.