హాకీ తెలిసిన పిల్లలకు హర్లింగ్ నేర్పాలంటే

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బళ్లలో హర్లింగ్, అంటే ఐర్లండు వాళ్లు కర్రా బంతితో ఆడే ఆట, మొదలుపెట్టాలనుకునే పీఈటీ మాస్టార్లు ముందు పిల్లల చేతులు చూడాలి. హాకీలో ఏ వాటం వాళ్లకైనా ఎడమ చెయ్యే పైన ఉంటుంది. హర్లింగ్‌లో వాటమున్న చెయ్యి పైన ఉండాలి, రెండో చెయ్యి బంతి పట్టడానికి ఖాళీ కావాలి. కుడివాటం పిల్లాడు హాకీ పట్టుతోనే ఆడితే, బంతి అందుకునేటప్పుడు కర్ర మొత్తం బలంలేని చేతిలో మిగిలిపోతుంది. ఒంటిచేత్తో అడ్డుపెట్టబోతే జారిపోతుంది. అందుకని మొదటి వారం బంతి ఇవ్వకండి, పట్టు మార్పించండి చాలు.

కర్ర పొడవు: పిల్లాడు నిటారుగా నిలబడితే నేల నుంచి తుంటి ఎముక దాకా రావాలి. పొడుగైతే మణికట్టు తిరగదు. కొసన వెడల్పు భాగం 13 సెంటీమీటర్లు మించకూడదు. ఐర్లండులో యాష్ చెట్టు మొదట్లో, వేరు వంపు తిరిగే చోటు నుంచి కోస్తారు. చెక్క నార ఆ వంపు వెంటే నడుస్తుంది. మన వడ్రంగి పలక మీద గీసి కోస్తే నార వంపుకి అడ్డంగా పడుతుంది, గట్టిదెబ్బకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. కాబట్టి మల్బరీ మొద్దు దొరికితే మొదలు వంపున్నదే అడగండి. తుమ్మ గట్టిదే కానీ బరువు, పిల్లల చేతులు త్వరగా లాగేస్తాయి. వెడల్పు భాగం అంచు చుట్టూ సన్నని రేకు పట్టీ బిగిస్తే చీలిక ఆగుతుంది. మేకు తల పైకి లేచిందేమో ప్రతి పూటా వేలితో తడిమి చూడాలి.

బంతి అసలుది 110 నుంచి 120 గ్రాములు, వ్యాసం 69 నుంచి 72 మిల్లీమీటర్లు. హాకీ బంతి చూడ్డానికి ఇంచుమించు అంతే ఉన్నా 156 గ్రాములకు తక్కువుండదు, పైగా రాయిలాంటి ప్లాస్టిక్. అది చేత్తో పట్టే ఆటలో పనికిరాదు. నేర్చుకునేటప్పుడు టెన్నిస్ బంతి వాడండి.

అసలు కష్టం బంతిని లేపడంలో ఉంది. నేల మీద బంతిని చేత్తో తియ్యడం తప్పు. మోకాళ్లు వంచి, పై చేతి బొటనవేలు కర్ర కొస వైపు పెట్టి, కర్రని నేలకి దాదాపు సమాంతరంగా దించి బంతి కిందకి తొయ్యాలి. పైకి లేవగానే రెండో చేత్తో అందుకోవాలి. హాకీ పిల్లలు నడుము వంచుతారు గానీ మోకాళ్లు వంచరు, కర్ర నిలువుగా దిగుతుంది, బంతి ముందుకు పోతుంది. నూటికి తొంభై తప్పులు ఇవే. కర్ర రెండు వైపులా కొట్టొచ్చని కూడా వాళ్లు నమ్మరు, పదేపదే చెప్పాలి. చేత్తో పట్టుకుని నాలుగడుగులకి మించి నడవకూడదు. కర్ర మీద బంతిని నిలుపుకుని పరిగెత్తితే అడుగుల లెక్క లేదు.

గోలుకి ఫుట్‌బాల్ స్తంభాలు దగ్గరగా సరిపోతాయి. అసలు కొలత 6.5 మీటర్ల వెడల్పు, అడ్డకర్ర 2.5 మీటర్ల ఎత్తు. రెండు పక్కలా ఏడు మీటర్ల ఎత్తు వెదుళ్లు నిలబెట్టి కట్టండి. అడ్డకర్ర కింద నుంచి వెళ్తే గోలు, అంటే మూడు పాయింట్లు. పై నుంచి వెళ్తే ఒకటి. జట్టుకి 15 మంది ఆట గానీ, బడి మైదానంలో ఏడుగురితో బాగా నడుస్తుంది.

ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ ఐర్లండులో 2010 నుంచి అందరికీ తప్పనిసరి. క్రికెట్ హెల్మెట్ జాలీ బంతిని ఆపడానికి చేసింది, కర్ర కొస సందులో దూరొచ్చు. హర్లింగ్ హెల్మెట్లు వచ్చేదాకా పిల్లల్ని ఎదురెదురుగా ఆడించొద్దు, విడివిడిగా గోడకి బంతి కొట్టించండి.

తల్లిదండ్రులకి ఒక మాట ముందే చెప్పాలి. ఈ ఆటలో జీతం లేదు. ఊరి క్లబ్బు, అక్కడి నుంచి కౌంటీ (మన జిల్లా లాంటిది) జట్టు, అదే ఆటగాడి దారి. కిల్కెన్నీ కౌంటీ తరఫున పది ఆల్-ఐర్లండ్ (కౌంటీల మధ్య జరిగే పెద్ద పోటీ) పతకాలు గెలిచిన హెన్రీ షెఫ్లిన్ కూడా జీతమిచ్చే లీగులో ఆడలేదు. రైల్వే కోటా ఆశ చూపి చేర్చుకోవద్దు. ఉద్యోగం ఆశించే పిల్లాడి హాకీ ప్రాక్టీసు అలాగే సాగనిచ్చి, దీనికి వారానికి రెండు సాయంత్రాలు కేటాయించండి.